తమ్ముడూ, 1968 కమారో కొనే ముందు నా సోది కొంచెం విను

నీ ప్రశ్న చదివాను. హెచ్1బి మీద వచ్చి రెండేళ్ళు, మిచిగన్‌లో నోవైలో అపార్ట్‌మెంట్, ఎవరో సగం రీస్టోమాడ్ (అంటే పాత బండికి కొత్తతరం ఇంజన్, పార్టులు పెట్టడం) చేసి వదిలేసిన షెవర్లే కమారో కన్వర్టిబుల్, అదే పైకప్పు దించుకునే బండి, 32 వేల డాలర్లకి ఇస్తానంటున్నాడు, జీఎం వాళ్ళ కొత్తతరం వీ8 ఎల్ఎస్3 ఇంజన్ ఆల్రెడీ బిగించేశాడు, మిగతాది "వీకెండ్స్‌లో చేసుకుంటా అన్నా" అని రాశావ్. ఆ వీకెండ్స్ మాట చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకు. 2009లో నేనూ అచ్చం అదే మాట మా ఆవిడతో అన్నా, బండి రోడ్డెక్కింది 2014లో.

షెవర్లే ఓనర్ జీఎం దివాలా తీసిన ఏడాది అది, 2009. డెట్రాయిట్ చుట్టుపక్కల గరాజుల్లో ఉన్న ముచ్చటైన బండ్లన్నీ అమ్మకానికొచ్చాయి, నా ఉద్యోగానికే గ్యారంటీ లేదు, గ్రీన్ కార్డ్ పెండింగ్, అయినా 14 వేలు పోసి ఇలాంటి కమారో కన్వర్టిబులే కొన్నా. ఆటోనగర్‌లో నాన్న అంబాసిడర్ పక్కన నిలబడి పెరిగినోణ్ణి, నాకు తెలీని బండి ఉంటుందా అని ధీమా.

నేనూ ఎల్ఎస్3 ఇంజన్ ధర చూసి బడ్జెట్ వేశా, అక్కడే బోల్తా పడ్డా. 6.2 లీటర్లు, 430 హార్స్‌పవర్, బాగానే ఉంది. కానీ పాత కార్బురేటర్‌కి పెట్రోల్ పంపు ఆరేడు పీఎస్ఐ ప్రెషర్ ఇస్తే చాలు, ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్, దీనికి 58 కావాలి, అంటే ట్యాంకు మార్చు, లైన్లు మార్చు. ముందు డ్రమ్ బ్రేకులు ఆ స్పీడుని ఆపలేవు, డిస్కులు పెట్టు. వెనక టెన్ బోల్ట్ ఆక్సిల్ ఆ టార్క్‌కి నిలబడదు, ఫోర్డ్ నైన్ ఇంచ్ వేసుకో (షెవీకి ఫోర్డ్ ఆక్సిల్ ఏంటని అడక్కు, ఇక్కడ అందరూ చేసేదే).

ఇదంతా ఒకెత్తు, తుప్పు ఒకెత్తు. పైకప్పు లేని బండికి బలమంతా డోర్ల కింద రాకర్ ప్యానెళ్ళలోనే ఉంటుంది. కంపెనీవాళ్ళే వణుకు తగ్గించడానికి నాలుగు మూలలా బరువున్న డబ్బాలు పెట్టారు, కాక్‌టెయిల్ షేకర్లు అంటారు ఇక్కడి ముసలాళ్ళు. ఓ శనివారం ఒక పక్క జాకీ వేసి లేపి, డ్రైవర్ డోర్ తెరిచా. మళ్ళీ వేద్దామంటే పడదే! లాచ్ అర అంగుళం కిందకి దిగిపోయింది. బండి మధ్యలో వంగుతోందన్నమాట. ఇంట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ పీక్కొచ్చి (మా ఆవిడ తిట్లు వేరే సంగతి) రాకర్ మీద పెడితే జారి కింద పడింది. లోపలంతా పుట్టీయే. మిచిగన్ ఉప్పు రోడ్ల మీద ఎన్ని చలికాలాలు తిరిగిందో మరి. గంటకి 95 డాలర్ల షాపువాడు ఆ ఒక్క టింకరింగ్‌కే 11 వేలు తీసుకున్నాడు, ఆటోనగర్‌లో అయితే ఆ డబ్బుకి బండిని రెండుసార్లు పుట్టించేవాళ్ళు.

మొత్తం 71 వేలు. ఎక్సెల్ షీటు ఇప్పటికీ ఉంది, మా ఆవిడకి చూపించిన షీటు వేరు. ఆ డబ్బుతో అప్పట్లో గన్నవరం దగ్గర స్థలం కొనుంటే అని మా బామ్మర్ది ప్రతి సంక్రాంతికీ ఫోన్‌లో గుర్తుచేస్తాడు.

మీ బ్యాచ్ వాళ్ళు వీడియోలు చూసి వస్తారు, అందులో ఐదేళ్ళ పని పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. నా భయం ఒక్కటే, ఉద్యోగం పోతే ఈ వీసా మీద నీకిక్కడ ఉండేది మహా అయితే 60 రోజులు, ఆ రూల్ వివరాలు లాయర్ని అడుగు. కానీ విప్పదీసిన బండి 60 రోజుల్లో అమ్ముడుపోదు, పోయినా పెట్టినదాంట్లో సగం రాదు. 2009లో నాకు ఉద్యోగం నిలబడింది కాబట్టి ఇలా జోకులేస్తున్నా, లేకపోతే గరాజులో కమారో ముక్కలు వదిలేసి ఫ్లైట్ ఎక్కేవాణ్ణే.

అయినా కొంటానంటే మాగ్నెట్ పట్టుకెళ్ళు, జాకీ వేసి డోర్ వేసి చూడు. విన్ నంబర్‌లో (బండి గుర్తింపు నంబర్) నాలుగు, ఐదో అంకెలు 67 ఉండాలి (వీ8 అయితే 12467తో మొదలవుతుంది), 37 ఉంటే అది కూపే, అంటే పైకప్పున్న మోడల్, ఎవడో పైకప్పు కోసేసిన బండి. ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూదే (బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది) తీసుకో, మామూలు పాలసీవాడు దాన్ని పాత ఇనుము కింద లెక్కేస్తాడు. టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం), 6 శాతం టాక్స్ సంగతి సెక్రటరీ ఆఫ్ స్టేట్ (ఇక్కడి ఆర్టీఓ లాంటిది) సైట్‌లో చూసుకో.

నన్నడిగితే గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత బండ్లన్నీ తిరిగే డ్రీమ్ క్రూజ్‌కి నా బండి తీస్తా, ఫెర్న్‌డేల్‌లో ఎక్కు, టాప్ దించుకుని పాంటియాక్ దాకా పోదాం. టవల్ తెచ్చుకో, ఎండకి వినైల్ సీటు కాలుతుంది. బండి ప్రీమియం పెట్రోలే తాగుతుంది, గ్యాస్ డబ్బులు మాత్రం నీవే.