బీపీ ఉన్నవాళ్లకు తిండి మార్పు, పార్కులో నడక సరిపోతాయా?

బీపీ కొంచెం ఎక్కువగా ఉందని, కొలెస్ట్రాల్ కూడా హద్దు దగ్గరే ఉందని రాశారు. జిమ్ అంటే ఇష్టం లేదు, తిండి మార్చుకుని పార్కులో నడిస్తే గుండెకు సరిపోతుందా అని అడిగారు. నాదీ దాదాపు ఇదే కథ కాబట్టి, నాకు పనికొచ్చినవి చెప్తాను.

మొదట తిండి సంగతి. రిపోర్టులో అంకెలు దిగాలంటే పళ్లెంలో ఏముందన్నది చాలా ముఖ్యం. పెద్దవాళ్లకు రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక టీస్పూను. కూరలో తగ్గించడం కష్టం కాలేదు. ప్యాకెట్ల వెనుక సోడియం అని రాసిన వరుస చదవడం మొదలుపెట్టాకే అసలు ఉప్పు ఎక్కడ దాక్కుందో తెలిసింది. తీపి బిస్కెట్లలోనూ ఉంటుంది! 1997లో వెలువడిన, బీపీపై తిండి ప్రభావాన్ని చూసిన డ్యాష్ అనే పరిశోధనలో ఉప్పు మోతాదు మార్చకుండానే, కూరగాయలు, పళ్లు, కొవ్వు తక్కువున్న పాల పదార్థాలు పెంచినవాళ్లకు రెండు వారాల్లోనే బీపీ తగ్గింది. కొలెస్ట్రాల్‌కైతే ఓట్స్, చిక్కుళ్లు, పప్పుల్లోని కరిగే పీచు సాయపడుతుంది. వేపుళ్లూ వెన్నా తగ్గించి, గుప్పెడు ఉప్పులేని గింజలు తింటే ఇంకా మంచిది.

ఇదంతా చాలామందికి తెలిసిందే. కానీ సాయంత్రం పని ముగిసేసరికి తలంతా టెన్షన్, చెయ్యి దానంతటదే ప్యాకెట్ మీదికి పోతుంది. నా పథ్యం ఎప్పుడూ ఆ వేళకే చెడేది. అందుకని వంటింట్లో ఉండే ఆ సమయాన్నే చెట్ల కిందికి మార్చాను. వెళ్లేముందు ఒక పండు తింటాను, ఫోన్ జేబులోంచి తీయను. తిరిగొచ్చేసరికి ఆకలి ఉంటుంది గానీ, ఆ చిరుతిండి యావ ఉండదు. నా మటుకు పచ్చదనం చేసిన పెద్ద మేలు ఇదే. ట్రెడ్‌మిల్ మీద నడిచినా గుండెకు వ్యాయామమే, కానీ నేను రేపు మళ్లీ వెళ్లేది పార్కుకే.

ఇంగ్లండ్‌లో సుమారు 20 వేల మందిని పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒక్కసారే గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతారేమో కదా! కాబట్టి దాన్ని మందు చీటీలా చూడొద్దు. వ్యాయామం లెక్క వేరే ఉంది: వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవాలి. బెంచీ మీద కూర్చున్న సమయం ఇందులోకి రాదు. అలాగని కూర్చోవడం మానకండి, మనసుకు అదీ కావాలి.

బీపీ మాత్రలు వేసుకుంటుంటే సొంతంగా ఆపకండి. కిడ్నీ సమస్య ఉంటే పొటాషియం కలిపిన ఉప్పు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, ఎడమ చెయ్యికో దవడకో నొప్పి పాకినా అక్కడే ఆగి వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యండి. ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు, నడిచి రాగానే కాకుండా, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసుకోండి.