పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ డ్రాఫ్ట్‌లో పైకి రావాలంటే స్కౌట్లు ఏం చూస్తారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడిని నడిపి బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. ప్రొఫెషనల్ టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేది డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్, వాళ్ల తరఫున ఆటగాళ్లను పరిశీలించేవాళ్లు స్కౌట్లు. మీరడిగింది ఇదీ: కాలేజీలో బంతి విసరడం, పరిగెత్తడం రెండూ వచ్చిన డ్యూయల్-థ్రెట్ క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకరు రెండో పిక్‌గా పోతారు, ఇంకొకరు మొదటి రౌండ్ చివరిదాకా ఎదురు చూస్తారు, ఎందుకని? హైలైట్స్‌లో ఇద్దరూ ఒకేలా కనిపిస్తున్నారని కూడా రాశారు.

హైలైట్స్‌లో ఆ తేడా దొరకదు. పరుగు పేరు తెచ్చిపెడుతుంది. పిక్ నంబరు తెచ్చేది మాత్రం, పరిగెత్తే సందు ఉండి కూడా పాకెట్‌లో (తన లైన్ కాపు కాసే చోట) నిలబడి విసిరిన బంతులు. దీనికి, 2024లో రెండో పిక్‌గా పోయిన జేడెన్ డేనియల్స్‌ను మించిన ఉదాహరణ నాకు తట్టట్లేదు.

2019లో అరిజోనా స్టేట్‌లో చేరిన ఏడాదే స్టార్టర్ అయ్యాడు. 17 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చిన) పాస్‌లు, 2 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన బంతులు). 2021కి వచ్చేసరికి అది 10కి 10 అయింది. 2022లో ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాడు. ఆ ఏడాది 2,913 యార్డ్‌లు, 17 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు, పరుగులో 885 యార్డ్‌లు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ మూడు ఇంటర్‌సెప్షన్ల వెనక ఉన్నది అతి జాగ్రత్త. మొదటి రిసీవర్ (బంతి అందుకోవాల్సినవాడు) ఖాళీగా లేకపోతే రెండోవాడి వైపు చూడకుండానే పరుగు అందుకునేవాడు.

2023లో 3,812 యార్డ్‌లు, 40 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు, పరుగులో 1,134, కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. అందరూ వీటినే చెబుతారు. నన్నడిగితే చూడాల్సింది ఇంకోటి. పాస్ పూర్తి చేసే శాతం 68.6 నుంచి 72.2కి మాత్రమే పెరిగింది. విసిరిన ఒక్కో బంతికి వచ్చిన యార్డ్‌లు మాత్రం 7.5 నుంచి 11.7కి ఎగబాకాయి. అంటే పొట్టి పాస్‌లతో శాతం పెంచుకోలేదు, లోతుకు విసరడం మొదలుపెట్టాడు. మలిక్ నేబర్స్, బ్రయన్ థామస్ లాంటి రిసీవర్లు ఉంటే ఎవరైనా విసురుతారని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లిద్దరూ మొదటి రౌండ్‌లోనే పోయారు, నిజమే. కానీ 2022లోనూ పక్కన ఉన్నది వాళ్లే కదా! మారింది విసిరేవాడు. వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకుని మామూలు కంటే 1.75 రెట్ల వేగంతో డిఫెన్స్‌లను చదవడం సాధన చేశాడు. డిఫెన్స్‌ను తొందరగా చదివినవాడికి కాళ్లకు పని చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది.

ఆ నవంబర్‌లో ఫ్లోరిడా మీద 372 యార్డ్‌లు విసిరి, 234 పరిగెత్తాడు. ఒకే మ్యాచ్‌లో 350 విసిరి 200 పరిగెత్తినవాళ్లు అంతకుముందు కాలేజీ టాప్ డివిజన్‌లో ఎవరూ లేరు.

ఇక మీరు సొంతంగా ఎలా చూడాలో చెబుతాను. కాలేజీ లెక్కల్లో ఒక మెలిక ఉంది: సాక్‌లో (విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) పోయిన యార్డ్‌లను క్వార్టర్‌బ్యాక్ పరుగులోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అలా చెయ్యరు. బాక్స్ స్కోర్‌లో 12 పరుగులకు 60 యార్డ్‌లు అని ఉండి, అందులో 4 సాక్‌లకు 28 పోయాయనుకోండి. అసలు పరుగు 8 సార్లకు 88. అంటే సగటు 5 కాదు, 11. రన్నర్‌గా అతని విలువ పెరిగినట్టే, కానీ ఆ నాలుగు సాక్‌లు ఎలా వచ్చాయో కూడా చూడాలి. ఒత్తిడి వచ్చినప్పుడల్లా బంతి పట్టుకుని తిరిగి సాక్ అయ్యే అలవాటు కాలేజీలో ఉంటే ప్రొఫెషనల్ ఆటకీ వెంట వస్తుంది. కాపు కాసే లైన్ మీద నెపం వేస్తే సరిపోదు.

తర్వాత హ్యాష్ మార్కులు, అంటే ఆట మొదలయ్యేటప్పుడు బంతి పెట్టే హద్దులు చూపే రెండు వరుసల గీతలు. కాలేజీలో వాటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద పెడితే అవతలి సైడ్‌లైన్‌కు 33 యార్డ్‌లకు పైగా ఖాళీ. మూల తిరిగి పరిగెత్తేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఎన్ఎఫ్ఎల్‌లో అది 30 యార్డ్‌ల లోపే, పైగా అక్కడి లైన్‌బ్యాకర్లు (డిఫెన్స్‌లో రెండో వరుసవాళ్లు) ఇంకా వేగం. అందుకే కాలేజీలో వెడల్పు వైపు పరిగెత్తి తెచ్చిన యార్డ్‌లకు మార్కులు తక్కువే వెయ్యాలి, మధ్యలోంచి తెచ్చినవాటికి ఎక్కువ వెయ్యాలి.

మ్యాచ్ మొత్తం చూసే తీరిక లేకపోతే థర్డ్ డౌన్‌లో (10 యార్డ్‌లు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) 7 యార్డ్‌లు, అంతకు మించి కావాల్సిన ఆటలు మాత్రం ఏరుకుని చూడండి. పాసే వస్తుందని డిఫెన్స్‌కు తెలిసిపోతుంది, మోసానికి తావు తక్కువ. తల ఎన్నిసార్లు తిప్పాడో లెక్కపెట్టండి. ఎడమ, మధ్య, కుడి చూసి విసిరితే మంచి గుర్తు. ఒక్కవైపే చూసి పరిగెత్తితే, 15 యార్డ్‌లు వచ్చినా అనుమానంగానే రాసుకోండి.

లమార్ జాక్సన్ సంగతి వేరు. లూయివిల్‌లో 2016లో హైస్మన్ గెలిచాడు, అయినా కాలేజీ మొత్తం మీద పాస్ పూర్తి శాతం 57. రిసీవర్‌గా మారమని టీవీలో సలహాలిచ్చినవాళ్లూ ఉన్నారు. 2018లో బాల్టిమోర్ రేవన్స్ టీమ్ 32వ పిక్‌కు ఎగబాకి మరీ తీసుకుంది. అది మొదటి రౌండ్‌లో ఆఖరిది. మొదటి రౌండ్ ఆటగాడి నాలుగేళ్ల కాంట్రాక్ట్‌కు ఐదో ఏడాది ఆప్షన్ (టీమ్ కోరుకుంటే ఇంకో ఏడాది ఉంచుకోవచ్చు) ఉంటుంది, రెండో రౌండ్‌కు ఉండదు. ఆఫెన్స్‌ను అతని చుట్టూ కట్టారు, 2019లోనే లీగ్ అత్యంత విలువైన ఆటగాడు (ఎంవీపీ) అయ్యాడు. కాబట్టి పిక్ నంబరులో సగం ఆటగాడిదైతే సగం తీసుకునే టీమ్‌ది.

దానికి పూర్తి వ్యతిరేకం ఆంథొనీ రిచర్డ్‌సన్. ఫ్లోరిడాలో 13 స్టార్ట్‌లే, చివరి ఏడాది 53.8 శాతం, కానీ కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు జరిగే పరీక్షలు) 40 యార్డ్‌లు 4.43 సెకన్లలో. 2023లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ అతన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది, 2025 సీజన్‌కు స్టార్టర్ చోటు డేనియల్ జోన్స్‌కు పోయింది. డేనియల్స్ కాలేజీలో 55 స్టార్ట్‌లు చేశాడు. స్టార్ట్‌ల సంఖ్యను తేలిగ్గా తీసుకోకండి. వయసు ఎక్కువని (డ్రాఫ్ట్ నాటికి 23) వంక పెట్టినవాళ్లకు సమాధానం అక్కడే ఉంది.

డేనియల్స్‌లో స్కౌట్లు పట్టుకున్న అసలు లోపం దెబ్బలు తినడం. పొడవు 6 అడుగుల 4 అంగుళాలు, ప్రో డే (కాలేజీలోనే స్కౌట్ల ముందు పరీక్షలు జరిగే రోజు) నాడు బరువు 210 పౌండ్లు. ఆ సన్నటి ఒంటితో స్లయిడ్ చెయ్యకుండా (దెబ్బ తప్పించుకోవడానికి నేల మీద జారకుండా) ఎదురెళ్లేవాడు. 2023లో అలబామా మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి బయటికి పోయాడు. అయినా వాషింగ్టన్ 2024లో రెండో పిక్‌గా తీసుకుంది. మొదటి ఏడాదే 891 యార్డ్‌లు పరిగెత్తి, ఆఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (దాడి వైపు ఉత్తమ కొత్త ఆటగాడు) అయి, జట్టును కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, అంటే సూపర్ బౌల్‌కు ముందు మెట్టుకు, తీసుకెళ్లాడు. 2025లో సియాటిల్ మీద, మ్యాచ్ ఎప్పుడో చేజారిపోయాక, నాలుగో క్వార్టర్‌లో ఎడమ మోచెయ్యి స్థానం తప్పింది.

అందుకే మీరు చూసే కుర్రాడు ఎవరైనా సరే, స్కోరు 20కి పైగా తేడాలో ఉన్నప్పుడు పరుగు చివర ఏం చేస్తున్నాడో ఓ కన్నేసి ఉంచండి. హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు అమెరికా ఈస్టర్న్ టైమ్ శనివారం రాత్రి 7:30 మ్యాచ్ సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆదివారం తెల్లవారి 5కి మొదలవుతుంది. నవంబర్‌లో అక్కడ గడియారాలు మార్చాక 6కి.