1855 నాటి ఫెయిరీ క్వీన్ ఆవిరి రైలింజిన్ ఇప్పటిదాకా ఎలా మిగిలింది?

పాడైపోకుండా ఉన్నందుకు కాదు, తుక్కు కింద అమ్మేయనందుకు మిగిలింది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కిట్సన్ కంపెనీ తయారుచేసిన ఈ ఇంజిన్ 1855లో కలకత్తా చేరింది. ఈస్ట్ ఇండియన్ రైల్వేలో దీని నంబరు 22. హౌరా, రాణీగంజ్ మధ్య మెయిల్ బండ్లు లాగింది. 1857 తిరుగుబాటు సమయంలో సైనికులను చేరవేసింది. పక్క నుంచి చూస్తే మూడు చక్రాలు కనిపిస్తాయి. వాటిలో నడిపించేది మధ్యలో ఉన్న పెద్ద చక్రం ఒక్కటే. తేలికపాటి బండ్లకు ఆ శక్తి చాలేది. నీళ్ల ట్యాంకు ఇంజిన్ అడుగున, చట్రాల మధ్య ఉంటుంది.

1909లో పని మాన్పించాక హౌరా స్టేషన్ బయట ప్రదర్శనకు పెట్టారు. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు తరలించారు. అక్కడ విద్యార్థుల కోసం ఉంచడమే దీన్ని కాపాడిందని నా అభిప్రాయం. తర్వాత ఢిల్లీ రైల్ మ్యూజియంలో చోటు దొరికింది.

దీన్ని మళ్లీ నడిపించిన ఘనత చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్స్ (రైలింజిన్ల మరమ్మతు కర్మాగారం) కార్మికులది. వాళ్లు మరమ్మతు చేశాక 1997లో ఢిల్లీ నుంచి రాజస్థాన్‌లోని అల్వర్‌కు ప్రయాణికులతో మళ్లీ పరుగెత్తింది. మరుసటి ఏడాది, నడుస్తున్న ఇంజిన్లలో ప్రపంచంలోకెల్లా పాతదిగా గిన్నిస్ గుర్తించింది.