డ్రైను కట్టినా మురుగు ఎదురొస్తోందా?

ప్రశ్న: మా వీధికి కొత్తగా సిమెంటు డ్రైను కట్టారండీ. పెద్ద వాన పడితే చాలు, నీళ్లు పోకపోగా మురుగు ఎదురొచ్చి గుమ్మం ఎక్కుతోంది. కౌన్సిలర్‌ గారిని అడిగితే వానలకు అంతేనంటున్నారు.
– పశ్చిమ గోదావరి జిల్లా పాఠకుడు

జవాబు: వానల మీదకు నెట్టేముందు డ్రైను లెవెల్ చూడాలి. డెల్టా నేల బల్లపరుపు, వాలు మనం ఇస్తేనే వస్తుంది. మీటరుకు 2 మిల్లీమీటర్ల వాలు అనుకున్నా, 200 మీటర్ల డ్రైను చివరికి అడుగు 40 సెంటీమీటర్లు దిగాలి. అది కలిసే పెద్ద డ్రైను అడుగు ఇంకా కింద ఉండాలి. చాలాచోట్ల పై అంచు రోడ్డుకు సమంగా చక్కగా పోస్తారు, లోపలి అడుగు సంగతి ఎవరూ చూడరు. దారిలో పాత తూము లోపలి అడుగు డ్రైను అడుగు కంటే పైకి ఉండిపోతే మేట పడేది అక్కడే.

మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో మీరే చూడొచ్చు. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు కొసల దగ్గరా డ్రైను అడుగు నుంచి పైపులో నీటి మట్టం దాకా కొలవండి. రెండు కొసల మధ్య దూరం 15 మీటర్లైతే పల్లపు వైపు కొలత 3 సెంటీమీటర్లు ఎక్కువ రావాలి. తగ్గిందంటే అక్కడ అడుగు లేచినట్టే. ఆ కొలతలు రాసి కమిషనర్‌కు అర్జీ పెట్టండి. కాంట్రాక్టరు అగ్రిమెంటులో లోపాల బాధ్యత గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. గడువు దాటాక బాగు చేయిస్తే ఖర్చు మళ్లీ మున్సిపాలిటీ నెత్తినే.

లెవెల్ సరిగానే ఉంటే చిక్కు చివర ఉంది. యనమదుర్రు లాంటి డ్రైన్లు నిండుగా ఉన్నా, గుర్రపుడెక్క అడ్డుపడినా, తీరం దగ్గర సముద్రం పోటు మీదున్నా నీరు వెనక్కి తంతుంది. అక్కడ షట్టరు కావాలి, పంపు కూడా కావాలి. ఒక్క షట్టరే పెడితే ఊళ్లో పడ్డ వాన ఊళ్లోనే నిలుస్తుంది. పెద్ద డ్రైన్లు జలవనరుల శాఖవి కాబట్టి అర్జీ అక్కడా ఇవ్వండి.

ప్రశ్న: మా రోడ్డుకు కౌన్సిల్ తీర్మానం అయ్యి ఆరు నెలలైంది. నిధులు లేవంటూనే నీళ్ల పైపులైను వేస్తున్నారు. ఇదేం లెక్క?
– కోనసీమ పాఠకురాలు

జవాబు: లెక్క ఉందండీ. 15వ ఆర్థిక సంఘం 2021-26కి చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే. దాన్ని రోడ్డుకు మళ్లించడానికి లేదు. ఇక తీర్మానం మొదటి మెట్టు మాత్రమే. ఎస్టిమేటుకు సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు దాటాకే పని మొదలవుతుంది. ఎక్కడ ఆగిందో సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. 'రోడ్డు ఎందుకు వేయలేదు' అని రాయకండి. తీర్మానం నకలు, ఎస్టిమేటు నకలు, టెండరు తేదీ అని విడివిడిగా కోరండి. ఎస్టిమేటులో పాత రోడ్డు తవ్వే పని ఉందో లేదో చూడండి. లేకపోతే పాతదాని మీదే పోస్తారు, మీ ఇల్లు గుంటలో పడుతుంది.

ప్రశ్న: వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక కుళాయి నీళ్లు పచ్చగా, వాసనగా వస్తున్నాయి.
– ఓ పాఠకుడు

జవాబు: కాలవలు ఆగాక కుళాయికి వచ్చేది చెరువులో నిలవ చేసిన నీరే. నిలవ నీటికి నాచు పడుతుంది, అది క్లోరిన్‌ను తినేస్తుంది. పైపు చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర కాదు, మీ కుళాయి దగ్గరే పరీక్ష చేయమనండి. చెరువు పూడిక తీయడం కాలవలు వదలబోయే ముందు, నీరు అడుగంటినప్పుడే కుదురుతుంది. టెండరుకు పట్టే రోజులు కలుపుకుంటే ఆ పని జనవరి అజెండాలోనే ఉండాలి. ఏప్రిల్‌లో అడిగితే ఆ ఏటికి దాటిపోయినట్టే.