ఒక్క డాలర్ తేడాతో పాట పోతే మోసమా?

అన్నగారూ, ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో పాత స్టాంపులకు మీరు పెట్టిన గరిష్ఠ పాట 60 డాలర్లు, చివరి 3 సెకన్లలో ఎవరో 61కి ఎగరేసుకుపోయారు. అంతమాత్రాన మోసం కాదు. అవతలివాడి పరిమితి 90 అయినా ఉండొచ్చు; ఆ పరిమితి దాకా అతని తరఫున సైటే గెలవడానికి కావలసినంత మేరకే పాట పెంచుతుంది. ధర 25 నుంచి 99.99 డాలర్ల దాకా ఉన్నప్పుడు ఒక్కో పెంపు 1 డాలరే గనక మీ అంకె మీద ఒకటి కలిపి ఆగింది. గుడి కొబ్బరికాయల వేలంలా అక్కడ మూడోసారి పిలుపు ఉండదు, గడువు గడువే.

అనుమానముంటే బిడ్ హిస్టరీ (ఎవరెంత పాడారో చూపే జాబితా) తెరవండి. ఒకే ఐడీ ఆ అమ్మకందారుడి సరుకుకే పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా, పాటలు వెనక్కి తీసుకుంటుంటే అది ధర పెంచడానికి అమ్మకందారుడి మనిషే పాడే దొంగపాట కావచ్చు, రిపోర్ట్ చేయండి.

ఈసారి మీ పర్లాకిమిడి దాకా పోస్టేజీ, కస్టమ్స్ పోను మీకు గిట్టే అసలు అంకెను, 63.57లా చిల్లరతో, చివరి పది సెకన్లలో వేయండి. అంకెలు సమానమైతే ముందు పాడినవాడిదే, చిల్లర అందుకే.