పాఠకుల ప్రశ్నలు – జవాబులు: టికెట్ ఇచ్చింది ఏ కౌంటీ?

ప్రశ్న: నమస్కారమండీ. మేం వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాం. 2018లో ఫ్రెండ్ గృహప్రవేశానికని షార్లెట్ వెళ్తుంటే ఐ-85 మీద సౌత్ హిల్ దాటాక ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) ఆపాడు. 70 మైళ్ళ లిమిట్ ఉన్న చోట 91లో వెళ్తున్నానట, రెక్లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా నడపడం) అని రాసిచ్చాడు. అక్కడి లాయరును పెట్టుకున్నాం, ఆయనే కోర్టుకి వెళ్ళి మామూలు స్పీడింగ్‌కి తగ్గించాడు, ఫైన్ కట్టేశాం, ఇక ఆ సంగతే మర్చిపోయాం. ఇప్పుడు సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 నింపుతుంటే ఆ కోర్టు కాగితం కావాల్సొచ్చింది. లాయరు ఫోన్ ఎత్తడం లేదు. మెక్లెన్‌బర్గ్ కౌంటీ అని మాత్రం బాగా గుర్తుంది. ఆన్‌లైన్‌లో ఆ కౌంటీ కోర్టులో ఎంత వెతికినా నా పేరే లేదు. రికార్డు తీసేసినట్టేనా? లేదని రాసేయొచ్చా? – ఒక పాఠకుడు, ఆష్‌బర్న్

జవాబు: రాసేయకండి! ముందు ఒక్క మాట చెప్పండి, మీరు వెతికిన మెక్లెన్‌బర్గ్ ఏ రాష్ట్రంలోది? ఆ పేరుతో రెండు కౌంటీలున్నాయి. ఒకటి నార్త్ కెరొలినాలో, అంటే మీరు వెళ్తున్న షార్లెట్ నగరమే దాని కేంద్రం. రెండోది వర్జీనియా దక్షిణపు అంచున, సరస్సులూ పొలాలూ ఉన్న, జనం తక్కువున్న కౌంటీ, సౌత్ హిల్ అందులోదే. గూగుల్‌లో పేరు కొడితే ముందు వచ్చేది షార్లెట్ ఉన్నదే కాబట్టి చాలామంది అక్కడే వెతికి, ఏమీ లేదని ఊపిరి పీల్చుకుంటారు. మిమ్మల్ని ఆపింది వర్జీనియా వైపే అయితే (సౌత్ హిల్ దాటాక అంటున్నారు, రాష్ట్రం బోర్డు ఇంకా రాకముందే అయ్యుంటుంది) మీ కేసు ఉండేది బాయ్‌డ్‌టన్ అనే చిన్న ఊళ్ళో. కౌంటీ కోర్టు అక్కడే.

మన దగ్గర ఈ-చలానాకి అలవాటు పడ్డవాళ్ళకి ఇది కాస్త తికమక. తెలంగాణలో బండి నంబరు కొడితే ఎక్కడి చలానా అయినా ఒకే చోట బయటపడుతుంది. వర్జీనియాలో ట్రూపర్ ఆపి ఇచ్చే టికెట్ బండి మీద ఉండదు, మనిషి మీద ఉంటుంది, అదీ ఆపిన చోటున్న కోర్టులో ఉంటుంది. మీ ఆష్‌బర్న్ లౌడన్ కౌంటీలో ఉంది కదా అని లౌడన్ కోర్టుకి ఫోన్ చేస్తే వాళ్ళేం చేయగలరు, పాపం.

వర్జీనియాలో పెద్దవాళ్ళ ట్రాఫిక్ కేసులు జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో నడుస్తాయి. రాష్ట్ర కోర్టుల వెబ్‌సైట్‌లో ఈ కోర్టుల కేసులు ఉచితంగా చూసుకోవచ్చు, డబ్బు కట్టమని అడిగిందంటే మీరు వేరే ప్రైవేటు సైట్‌లో ఉన్నట్టు. అక్కడ ట్రాఫిక్/క్రిమినల్ విభాగంలో మెక్లెన్‌బర్గ్ కోర్టును ఎంచుకుని, ఇంటిపేరు ముందు, పేరు తర్వాత కొట్టండి. ట్రాఫిక్ కేసు నంబర్లు జీటీ అనే అక్షరాలతో మొదలై, వెంటనే సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి, కాబట్టి మీది జీటీ18 అని కనిపించాలి. తెరిచాక రెండు విషయాలు చూసుకోండి. మొదట పెట్టిన సెక్షన్ 46.2-862 (ఇది స్పీడ్ వల్ల రెక్లెస్), తర్వాత అమెండెడ్ చార్జ్ (మార్చిన అభియోగం) అన్నచోట 46.2-870 లాంటి మామూలు స్పీడింగ్ సెక్షన్ ఉందా అని. లాయరు తగ్గించానన్న మాటకి రుజువు అదే.

ఈ తగ్గింపు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి, ఎందుకంటే వర్జీనియాకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది తెలియదు. ఇక్కడ లిమిట్ కంటే 20 మైళ్ళు ఎక్కువ వెళ్తే అది ఉత్త టికెట్ కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే నేరం. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల ఫైన్ దాకా వెళ్ళొచ్చు. లిమిట్ ఎంతున్నా 80 దాటితే రెక్లెస్ అన్న నిబంధన కూడా ఉండేది, 2020 జూలై నుంచి దాన్ని 85 చేశారు. మీది 21 ఎక్కువ, పైగా 80 దాటింది, అందుకే రెక్లెస్ రాశాడు. 80 దగ్గర ఆగి ఉంటే అసలీ ఉత్తరమే రాసేవారు కాదేమో!

ఇక కాగితం సంగతి. ఆన్‌లైన్ ప్రింటు మీ సమాచారానికి పనికొస్తుంది గానీ సర్టిఫైడ్ కాపీ కాదు. కోర్టు క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి, కేసు నంబరు చెప్పి (సమన్లు అంటే ఆ టికెట్ కాగితమే), "సమన్లు ముందూ వెనకా రెండు వైపులా సర్టిఫైడ్ కాపీ, తుది తీర్పు కనిపించేలా కావాలి" అనండి. వెనక వైపు అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే జడ్జి నిర్ణయం ఉండేది ఆ వెనకే: గళ్ళలో టిక్కులు, మార్చిన సెక్షన్, ఫైన్ అంకె, కింద సంతకం. ముందు పేజీ ఒక్కటే తెప్పించుకుంటే మీరు 91లో వెళ్ళారనే తెలుస్తుంది, తర్వాత ఏమైందో తెలియదు. పోస్టులో పంపమంటే ఫీజు ఎంతో, తిరుగు కవరు పెట్టాలో వాళ్ళే చెబుతారు. చిన్న కౌంటీల్లో సిబ్బంది కొద్దిమందే, ట్రాఫిక్ విచారణలు ఉన్న రోజు ఫోన్ చేసి విసుక్కోకండి, మర్నాడు చేయండి. మర్యాదగా అడిగితే ఊరి మనుషుల్లాగే ఓపికగా వెతికిపెడతారు.

రికార్డు పోయిందేమో అన్న భయం మీకు అక్కర్లేదు. ఈ కోర్టుల్లో ట్రాఫిక్ కాగితాలు పదేళ్ళు ఉంచాలని చట్టం. 2018 కేసు కాబట్టి టైముంది, కానీ ఇంకా నాన్చొద్దు. ఒకవేళ ఎవరిదైనా పదేళ్ళు దాటిపోయి కాగితం లేకపోతే, లేదన్న మాటనే కోర్టు లెటర్ మీద రాయించుకోవాలి.

ఫారం విషయానికొస్తే, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా అని ఎన్-400 అడుగుతుంది. టికెట్ కూడా సైటేషనే, కాబట్టి జవాబు అవుననే. అరెస్టు లేకుండా, 500 డాలర్ల లోపు ఫైనో, లైసెన్సు పాయింట్లో మాత్రమే పడిన ట్రాఫిక్ కేసులకు, మందూ డ్రగ్సూ లేకపోతే, కాగితాలు జతచేయక్కర్లేదని ఇన్‌స్ట్రక్షన్లలో ఉంటుంది. మీరు నింపే ఎడిషన్‌లో ఆ భాగం ఒకసారి చదువుకోండి. మీది మొదట నేరంగా నమోదైన కేసు కాబట్టి, నా ఉద్దేశంలో సర్టిఫైడ్ కాపీ చేతిలో పెట్టుకునే ఇంటర్వ్యూకి వెళ్ళడం మంచిది. ఇమిగ్రేషన్ లాయరుకి కూడా అదే చూపించి అడగండి.

ప్రశ్న: నేను వర్జీనియాలో, బ్లాక్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చేశాను. 2023లో రూట్ 460 మీద పీటర్స్‌బర్గ్ వైపు వెళ్తుంటే స్పీడింగ్ టికెట్ వచ్చింది. ఆన్‌లైన్‌లో కట్టేశాను, కోర్టుకైతే వెళ్ళలేదు. ఇప్పుడు జాబ్ బ్యాక్‌గ్రౌండ్ ఫారంలో ట్రాఫిక్ కన్విక్షన్లు (దోషిగా తేలిన కేసులు) అడుగుతున్నారు. కోర్టుకే వెళ్ళలేదు కాబట్టి లేదనొచ్చు కదా? ఏ కౌంటీయో గుర్తులేదు, పేరుతో వెతికితే రావట్లేదు. నా లైసెన్సు మీద పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉంటుంది. – పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: లేదమ్మా, అనకూడదు. ముందే డబ్బు కట్టేయడమంటే తప్పు ఒప్పుకున్నట్టే, కోర్టు రికార్డులో అది ప్రీపెయిడ్ అని ఉంటుంది, డీఎంవీ (లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) దాన్ని కన్విక్షన్‌గానే రాసుకుంటుంది.

కౌంటీ గుర్తులేకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. ఆ దారి మోంట్‌గోమరీతో మొదలుపెట్టి రోనోక్, బాటటాట్, బెడ్‌ఫర్డ్, క్యాంప్‌బెల్, అపొమాటాక్స్, ప్రిన్స్ ఎడ్వర్డ్, నాటొవే, డిన్‌విడ్డీ అంటూ కౌంటీ తర్వాత కౌంటీ దాటుకుంటూ పోతుంది. మధ్యలో లించ్‌బర్గ్ ఒకటి, అది ఏ కౌంటీలోనూ లేదు. వర్జీనియాలో 95 కౌంటీలు, వాటికి సంబంధం లేకుండా 38 స్వతంత్ర నగరాలు ఉన్నాయి. కానీ టౌన్ అని పిలిచే చిన్న ఊళ్ళు మాత్రం కౌంటీలో భాగమే.

ఒక్కో కోర్టూ తడుముకునే బదులు డీఎంవీ నుంచి మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోండి. స్పీడింగ్ కన్విక్షన్ అందులో ఐదేళ్ళు ఉంటుంది, రెక్లెస్ అయితే పదకొండేళ్ళు. ఏ కోర్టో, ఏ తేదీయో దాంట్లో దొరుకుతుంది, తర్వాత ఆ కోర్టు పేరు పట్టుకుని వెతకడం తేలిక. అప్పట్లో కార్డుతో కట్టారు కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్లో కూడా కోర్టు పేరు కనిపించొచ్చు, ఖర్చు లేని పని, ముందు అదే చూడండి.

ఇక పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మన పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ పడుతుంది. ఆఫీసరు లైసెన్సు చూసి రాస్తాడు కాబట్టి కోర్టులోనూ అదే ఉండొచ్చు. మీ అసలు పేరును ఇంటిపేరు స్థానంలో పెట్టి కొట్టండి. పొడుగు పేరైతే మొదటి నాలుగైదు అక్షరాలతోనే చూడండి, స్పెల్లింగులో ఒక అక్షరం జారినా పట్టుబడుతుంది. కోర్టు తేదీ తెలిస్తే ఆ తేదీతో వెతికే వీలు కూడా ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో ఒక పల్లెటూరి కౌంటీలో స్పీడింగ్ టికెట్ తిన్నాడు. పోయిన నెల కోర్టు డేట్ ఉందట, పరీక్షలని వెళ్ళలేదు. "ఏం కాదు నాన్నా" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముంది అండీ, అలాగని చేయి దాటిపోలేదు. మామూలు స్పీడింగ్ అయితే మనిషి రాకపోయినా జడ్జి తీర్పు చెప్పేయొచ్చు, రికార్డులో గిల్టీ ఇన్ అబ్సెన్షియా అని ఉంటుంది, ఫైనూ ఖర్చులూ పడతాయి. రెక్లెస్ అయితే మాత్రం హాజరు కానందుకు వారెంటు లాంటిది జారీ చేసే వీలుంది, వర్జీనియాలో దాన్ని కేపియస్ అంటారు. ఏది జరిగిందో కేసు తెరిస్తే తెలుస్తుంది. అది అందరూ చూడగలిగే రికార్డే కాబట్టి, బాబు చూడనంటే అక్కడున్న మీ బంధువు ఎవరైనా చూసి చెప్పొచ్చు.

గిల్టీ అని ఉంటే, తీర్పు వచ్చిన 60 రోజుల్లోపు తగిన కారణం చూపి కేసు మళ్ళీ తెరవమని అదే కోర్టును అడగొచ్చు. పై కోర్టుకి అప్పీలుకైతే పది రోజులే, అది ఈపాటికి దాటిపోయి ఉండొచ్చు. పోయిన నెల అంటున్నారు కాబట్టి ఆ 60 రోజుల్లో ఎన్ని మిగిలాయో తీర్పు తేదీ చూసి వెంటనే లెక్కపెట్టుకోండి. కేపియస్ కనిపిస్తే మాత్రం ఫైన్ కట్టేస్తే సరిపోతుందనుకోవద్దు, బాబును ముందు ఆ కౌంటీలో ప్రాక్టీసు చేసే లాయరుతో మాట్లాడమనండి.