తిరుపతిలో పైథాన్ బృందం పెట్టబోతున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

తిరుపతిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్లను నెలకొకసారి ఒకచోట కలపాలనుకుంటున్నానని, అటువంటి బృందాన్ని ఎలా నడపాలో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషించాను. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్, వీటి చుట్టూ లెక్కలేనన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్న ఈ ఊరి పిల్లలు ప్రోగ్రామింగ్ గురించి నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడానికి బెంగళూరుకో చెన్నైకో బస్సెక్కవలసి రావడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉండేది. పిల్లల సంగతి అలా ఉంచితే, ఎక్కడో ఉన్న కంపెనీలకు ఇక్కడ తమ ఇంట్లో కూర్చునే పనిచేసే ఉద్యోగులు కొర్లగుంటలోనూ భవానీ నగర్‌లోనూ ఎందరో ఉన్నారు. పక్క వీధిలో తమలాంటివాడే మరొకడున్నాడని వాళ్లకు తెలియదు. వాళ్లను ఒకరికొకరిని పరిచయం చేయడమే నీ బృందం చేయవలసిన మొదటి పని. పాఠాలు, ప్రసంగాలు ఆ తరువాతి సంగతి.

ఒకే భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు జీతం, ఫీజు లేకుండా కలుసుకోవడం పాత సంప్రదాయమే. పర్ల్ భాషవారు 1997లో న్యూయార్క్‌లో పర్ల్ మాంగర్స్ పేరుతో మొదలుపెట్టిన బృందం చూసి ఎన్నో నగరాల్లో అటువంటివి పుట్టాయి. మన దేశంలో 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియా అనే పైథాన్‌వాళ్ల సమావేశాలు కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చేతుల మీదుగానే సాగుతున్నాయి. ఇటువంటి బృందాలను దగ్గరుండి చూసినవాడిగా నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. నువ్వు ఊళ్లో లేని నెలలో కూడా సమావేశం ఆగకుండా జరిగే ఏర్పాటును మొదటి నెల నుంచే చేసుకో. పుట్టిన బృందాల్లో చాలా మటుకు ఆసక్తి చచ్చిపోయి మూతపడవు. నడిపే ఒక్క మనిషికి పెళ్లి కుదరడం వల్లనో, వేరే ఊళ్లో ఉద్యోగం రావడం వల్లనో మూతపడతాయి. కింద రాసినవన్నీ ఈ మాటను మనసులో పెట్టుకుని రాసినవే.

ముందుగా, ఏ రోజు కలవాలన్న సంగతి. చాలా ఊళ్లలో శనివారం పెట్టుకుంటారు కాని, తిరుపతిలో శనివారం స్వామివారి రోజు, అందులోనూ తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే భక్తులతో బస్టాండు, స్టేషను పరిసరాల్లో అడుగు తీసి అడుగు వేయడానికి సందు ఉండదు కాబట్టి, శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో వచ్చే పిల్లవాడు వేళకు చేరడం కష్టం. నెలలో మూడో ఆదివారం, ఉదయం పది గంటలకు అని పెట్టుకుంటే మధ్యాహ్న భోజనం వేళకు అందరూ ఇల్లు చేరవచ్చు, హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు వార్డెన్‌కు సంజాయిషీ చెప్పుకునే అవసరమూ రాదు. పెట్టుకున్న రోజును మాత్రం మార్చవద్దు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ అదే ఆదివారం పడితే తప్ప, వక్త రాలేదనో, పరీక్షలున్నాయనో, నలుగురే వచ్చేలా ఉన్నారనో వాయిదా వేయకు. నలుగురు వస్తే ఆ నలుగురితోనే కూర్చో. ఒక నెల తప్పిన సమావేశానికి ఆ తరువాతి నెల ఎవరూ తీరిక చేసుకోరు, ఉందో లేదో కనుక్కుని బయలుదేరదామనుకుని చివరకు ఇంట్లోనే ఉండిపోతారు.

చోటు విషయంలో కొంచెం వివరంగా రాయాలి. ఖర్చు లేకుండా దొరికేది కాలేజీ సెమినార్ హాలే. దానికోసం విభాగాధిపతిని ముందుగా కలిసి, ఆ తరువాత ప్రిన్సిపాల్ పేరిట లేఖ ఇవ్వు. ఆ లేఖలో బయటివాళ్లు కూడా వస్తారన్న మాట, ఆదివారం గేటు దగ్గర వాళ్లను లోపలికి పంపాలన్న మాట స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే పై అధికారులు ఒప్పుకున్నా వాచ్‌మన్‌కు కాగితం అందకపోతే చంద్రగిరి నుంచి వచ్చినవాడు ఎండలో నిలబడి వెనక్కి పోతాడు. హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ప్రొజెక్టరుకు ఏ తీగ పడుతుందో, ప్లగ్గులు ఎన్ని పనిచేస్తున్నాయో ముందురోజే వెళ్లి కళ్లతో చూసి రా.

అయితే కాలేజీ చోటు ఇచ్చినప్పుడు దాంతోపాటు కాలేజీ పద్ధతులు కూడా వస్తాయి. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, శాలువా, పుష్పగుచ్ఛం, వందన సమర్పణ అంటారు. వాళ్లది తప్పని నేను అనడం లేదు, కాలేజీ కార్యక్రమానికి అవి మర్యాదలే. కాని రెండున్నర గంటల సమావేశంలో గంట వేదిక మీదే గడిచిపోతే, కోడ్‌లో చిక్కు పట్టుకుని వచ్చిన పిల్లవాడు దాన్ని అలాగే ఇంటికి పట్టుకుపోతాడు. వినయంగా, మొదటిసారే, ఇది కాలేజీ కార్యక్రమం కాదని, వేదిక అవసరం లేదని, కుర్చీలు గుండ్రంగా వేసుకుంటామని చెప్పు. మొదటిసారి మొహమాటపడి ఒప్పుకుంటే రెండోసారి కాదనలేవు.

సర్టిఫికెట్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. హాజరైన వాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇస్తే రెండు వందల మందిని పంపిస్తామని ఎవరో ఒకరు నీకు తప్పకుండా చెబుతారు. హాలు నిండిపోతుంది, ఫోటో బాగుంటుంది, కాలేజీ ఫైల్లోకి ఒక కాగితం చేరుతుంది. ఆ రెండు వందల మందిలో మళ్లీ నెల వచ్చేవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంతేకాక, నిజంగా నేర్చుకోవాలని వచ్చిన పదిమంది ఆ గుంపులో నోరు తెరిచి అడగలేక వెళ్లిపోతారు. మాట్లాడిన వక్తకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాసి ఇవ్వు, అది అతనికి ఉద్యోగంలో పనికొస్తుంది. హాజరుకు మాత్రం ఏ కాగితమూ ఇవ్వవద్దు.

సమావేశంలో ఏమి జరగాలన్నదానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఇది. మొదటి అరగంట ఎవరి లాప్‌టాప్ వాళ్లు తెరిచి, పనిచేయనిదాన్ని పనిచేయించుకోవాలి. పైకి చిన్న విషయంగా కనబడినా కొత్తవాళ్లు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. విండోస్‌లో పైథాన్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, పాత పద్ధతి ఇన్‌స్టాలర్ అయితే మొదటి తెర అడుగున, పాత్‌కు, అంటే ప్రోగ్రాములను కంప్యూటర్ ఎక్కడ వెతకాలో చెప్పే జాబితాకు, పైథాన్‌ను చేర్చమనే చిన్న గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకుండా ముందుకు పోయిన పిల్ల ఆ తరువాత ఆదేశాలు టైపు చేసే నల్లని తెర మీద పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. తనకు ఈ విద్య రాదేమో అనుకుని ఆమె వారాల తరబడి ఎవరినీ అడగకుండా ఊరుకుంటుంది. అలాగే, పాత రూపమైన పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తోనే ముగిసినా, ప్రింట్ అనే ఆదేశం పక్కన బ్రాకెట్లు లేని, ఇప్పటి పైథాన్ 3లో పనిచేయని పాత నోట్సు జిరాక్సు కాపీలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. పక్కన కూర్చుని రెండు నిమిషాలు చూసే మనిషి ఉంటే ఇవి చిక్కులే కావు. ఆ మనిషి కుర్చీలో కూర్చుని నోటితో చెప్పాలి, కీబోర్డు మాత్రం నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. ఈ నియమం అనుభవజ్ఞులకు పాటించడం కష్టంగా ఉంటుంది, అయినా పట్టుబట్టు.

ఆ తరువాత ఒకే ఒక పెద్ద ప్రసంగం, నలభై నిమిషాలకు మించకుండా. చివర అయిదేసి నిమిషాల చిన్న ప్రసంగాలు, వీటినే లైట్నింగ్ టాక్స్ అంటారు. అయిదు నిమిషాలు మాట్లాడమంటే భయపడేవాళ్లు తక్కువ, విసుగు పుట్టించేవాళ్లూ తక్కువ. ఇవాళ చిన్న ప్రసంగం ఇచ్చిన పిల్లే వచ్చే ఏడాది పెద్ద ప్రసంగం ఇస్తుంది. తెలుగులోనే మాట్లాడుకోండి, సాంకేతిక పదాలు ఇంగ్లీషువే ఉండనివ్వండి. చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మధ్యలో తమిళంలో అడిగితే తమిళంలోనే జవాబు చెప్పేవాళ్లు మన ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. విషయాలకు దూరం పోనక్కరలేదు. తిరుపతి అనే మాటను పైథాన్ 3లో మాట పొడవు లెక్కపెట్టే లెన్ అనే ఆదేశానికి ఇచ్చి చూడమను. చూపుకు నాలుగే అక్షరాలున్నా 7 అని వస్తుంది, ఎందుకంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులు విడివిడి సంకేతాలు. తెలుగు మాటల్ని ఎలా విడగొట్టాలి, ఎలా లెక్కపెట్టాలి అన్న ఈ ఒక్క ప్రశ్న మీద ఒక పూట సాగుతుంది, సిలబస్‌లో లేని సంగతి కనుక చివరి బెంచీవాళ్లు కూడా చెవులు రిక్కిస్తారు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. టీకీ బిస్కెట్లకీ వచ్చినవాళ్లు తలా ఇరవై రూపాయలు వేసుకుంటే చాలు, మిగిలినది పుస్తకంలో రాసి ఆ పుస్తకం అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టు. లెక్క రాసే మనిషి, డబ్బు ఉంచుకునే మనిషి వేరువేరుగా ఉండాలి. 2001లో ఏర్పడిన పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇటువంటి సమావేశాలకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది కాని, 2025లో ఆ ఏడాదికి అనుకున్న పరిమితి నిండి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపవలసి వచ్చింది. అందువల్ల దూరపు నిధిని నమ్ముకుని ఖర్చు పెంచుకోకు. ఊళ్లోని శిక్షణ సంస్థలు హాలు ఇస్తాం, టిఫిన్లు పెడతాం అని ముందుకు వస్తే, బదులుగా వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు అడుగుతారేమో చూసుకో. అడిగితే ఆ టిఫిన్లు వద్దు. నిన్ను నమ్మి నంబరు ఇచ్చిన పిల్లకు మరునాడు కోర్సు అమ్మేవాళ్ల ఫోన్లు వస్తే ఆమె మళ్లీ నీ గడప తొక్కదు.

ప్రవర్తనా నియమాలు కాగితం మీద రాసి, ప్రతి సమావేశం మొదట్లో చదివి వినిపించు. ఎవరికైనా ఇబ్బంది కలిగితే చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు ఉండాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయి ఉండాలి. అడగకుండా ఫోటోలు తీయకూడదు, ప్రశ్న అడిగినవాళ్లను చూసి నవ్వకూడదు, ఈ రెండూ ఆ కాగితంలో పైన ఉండాలి. ఎంత ప్రతిభావంతుడైనా వీటిని మీరితే పక్కకు పిలిచి ఒకసారి చెప్పు, రెండోసారి రావద్దని చెప్పు. ఇక్కడ మెత్తదనం చూపితే వెళ్లిపోయేది అతను కాదు, నోరు విప్పని పదిమంది.

ఇక అసలు మాటకు వస్తాను. 1991లో పైథాన్‌ను లోకానికి ఇచ్చిన గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో ఆఖరి నిర్ణయం చెప్పే స్థానం నుంచి తప్పుకున్నాడు. తన వారసుణ్ణి ఆయన నియమించలేదు. ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండని భాషను పెంచుతున్నవాళ్లకే వదిలిపెట్టాడు, వాళ్లు నెలల తరబడి చర్చించి 2019 తొలినాళ్లలో స్టీరింగ్ కౌన్సిల్ అనే అయిదుగురు సభ్యుల నిర్ణాయక సంఘాన్ని ఎన్నుకున్నారు. సృష్టించినవాడు పక్కకు జరిగినా భాష ఆగలేదంటే, పని తెలిసిన చేతులు అప్పటికే చాలా ఉండడమే కారణం. నీ బృందంలో కూడా అటువంటి చేతులను నువ్వే తయారు చేయాలి. ఒక నెల సభను నువ్వు నడిపితే మరుసటి నెల మరొకరు నడపాలి. వాళ్లు నీ అంత బాగా నడపరు, నీకు చేతులు దురద పెడతాయి, అయినా వెనక వరుసలో కూర్చో. హాలు అనుమతి లేఖ, వక్తల జాబితా, లెక్కల పుస్తకం, ఖాతాల పాస్‌వర్డులు ఎప్పుడూ కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి.

ఆ ముగ్గురిని ఎంచుకునేటప్పుడు వేదిక మీద బాగా మాట్లాడేవాళ్ల కోసం చూడకు. ఎవరూ చెప్పకుండా సభ అయ్యాక కుర్చీలు సర్దేవాడు, కొత్తగా వచ్చి గోడ పక్కన నిలబడిన పిల్ల దగ్గరకు తనంతట తానే వెళ్లి పలకరించే అమ్మాయి నీకు రెండు మూడు నెలల్లోనే కనబడతారు. వాళ్లను అడుగు. చదువులో ఉన్నవాళ్లు నాలుగో ఏడాది అవగానే ఊరు విడిచి వెళ్తారు కాబట్టి, ముగ్గురిలో ఒకరైనా ఇక్కడే స్థిరపడిన ఉద్యోగి గాని, ఏదైనా కాలేజీలో పాఠం చెప్పేవారు గాని అయి ఉండేలా చూసుకో.

ప్రిన్సిపాల్‌కు ఇచ్చే లేఖ చిత్తుప్రతి రాసి ముందుగా నాకు పంపు. దిద్ది, విభాగాధిపతితో నేను కూడా ఒక మాట చెబుతాను. మొదటి సమావేశం తేదీ మాత్రం లేఖకు ముందే నిర్ణయించుకో.

ఇట్లు,
మీ సారు
తిరుపతి